రెండు వాడలకూ ఒకే మైకు

చిన్నీ, మీ స్కూలు ఫంక్షన్‌లో ప్రిన్సిపాల్ మేడం మాట్లాడుతుంటే మైకు ఎందుకు కూత పెట్టిందని మొన్న ఫోనులో అడిగావు. గొంతు బయటికి వచ్చే ఆ గరాటాలాంటి హారన్‌ను మైకు వైపు తిప్పి పెట్టి ఉంటారమ్మా. మైకు తన గొంతు తనే విని, దాన్నే పెద్దది చేసి, మళ్ళీ విని, చివరికి కీచుమంటుంది. మా పనిలో దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటాము. హారన్‌ను అవతలికి తిప్పితే ఊరుకుంటుంది. నువ్వు అడిగింది అంతవరకే. వెనకనుంచి మీ అన్న మాత్రం 'అవ్వా, నీ షాపులో జరిగింది ఏదన్నా చెప్పు' అన్నాడు. పూణె దాకా ఫోనులో చెప్పే కథ కాదని ఇట్లా రాస్తున్నాను.

కరోనాకు రెండేళ్ళ ముందు సంగతి. మార్కాపురంలో తర్లుపాడు రోడ్డు మీద మన షాపు. మైకుసెట్లు, షామియానాలు, కుర్చీలు అద్దెకిస్తాము. మీ తాత మొదలుపెట్టిన షాపు, ఆయన పోయాక నేను నడిపాను. పెళ్ళికీ చావుకీ, చర్చి కూటానికీ రామాలయం భజనకీ, దర్గా ఉరుసుకీ జనం మన గడపే తొక్కేవాళ్ళు. సెట్టు తీసుకుపోయి బిగించి, దగ్గరుండి చూసుకునే మనిషిని ఆపరేటర్ అంటారు. మన ఆపరేటర్ కరీముల్లా. నాకన్నా పదేళ్ళు చిన్నవాడు, మీ తాత దగ్గర పని నేర్చుకున్నవాడు. గుడి గోపురం మీద హారన్ కట్టాలన్నా, చర్చి శిలువ కింద కట్టాలన్నా చెప్పులు విడిచే ఎక్కేవాడు.

ఈ పనిలో ఒక తలనొప్పి ఉంది. ఒకే ఊళ్ళో ఒకే రోజు రెండు పండగలు పడితే, వీళ్ళొచ్చి వాళ్ళకెన్ని హారన్లు ఇస్తున్నావని అడుగుతారు. ఆ వెనకే వాళ్ళొచ్చి వీళ్ళకన్నా ఒకటి ఎక్కువ కావాలంటారు. నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఒకే ఊరైతే ఇద్దరికీ సమానంగా ఇస్తాను, యాంప్లిఫయర్ కూడా ఒకే రకానిది ఇస్తాను. యాంప్లిఫయర్ అంటే మైకులోంచి వచ్చిన చిన్న గొంతును పెద్దది చేసి హారన్‌కు పంపే పెట్టె. అలిగి పక్కనున్న కంభం పోయి సెట్టు తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు, పోనీ అనుకునేదాన్ని.

ఆ ఏడు శ్రీరామ నవమి, మట్టల ఆదివారం ఒకే రోజు పడ్డాయి. ఈస్టరుకు వారం ముందు క్రైస్తవులు మట్టలు పట్టుకుని పాడుతూ ఊరేగుతారు, దాన్నే మట్టల ఆదివారం అంటారు. తర్లుపాడు దాటాక ఒక పల్లె ఉంది. అక్కడ రామాలయం ముందున్న వీధి ఒక్కటే ఊరికి దారి. నవమికి ఆ వీధికి అడ్డంగా కల్యాణం పందిరి వేస్తారు. ఆ వీధిలోనే మట్టల ఊరేగింపూ పోతుంది. ఏటా వేరువేరు రోజులు గనక ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. ఆ ఏడు మాత్రం పందిరి కింద నుంచి పోనిచ్చేది లేదని ఊళ్ళో కుర్రకారు అన్నారు. పోయి తీరుతామని చర్చివాడ కుర్రకారు అన్నారు. రెండు వాడల నుంచీ నాకు బుకింగులు వచ్చాయి, రెండు వైపులా ఒకటే మాట: అవతలి మైకు వినపడకూడదు.

ఆ రోజుల్లోనే మన షాపుకు ఒక పెద్దమనిషి వచ్చింది. యాభై దాటిన మనిషి, నూలు చీర, చేతిలో గొడుగు. పేరు డాక్టర్ రంజని. డాక్టర్ అంటే వైద్యం కాదు, చదువు డాక్టర్. పుట్టింది శ్రీలంకలో, తిరుకోణమలై అనే సముద్రపు ఊరు. వాళ్ళమ్మ చర్చికి, నాయన గుడికి పోయేవాళ్ళట. అక్కడ యుద్ధం ముదిరాక చిన్నప్పుడే పడవెక్కి ఈ దేశం వచ్చి, ఇక్కడే చదువుకుని, ఒక యూనివర్సిటీలో పనిచేస్తోంది. మతాల మధ్య మాట ఎట్లా నడుస్తుంది, తగువు వీధిలోకి వస్తే ఎట్లా పెరుగుతుంది, అదీ ఆమె చదువు. దీనికి కూడా చదువుంటుందా తల్లీ అని అడిగాను.

"ఉందమ్మా. జీతం మాత్రం మీ కరీముల్లాగారి కన్నా తక్కువ," అంది. ఆమె తెలుగులో అరవం యాస ఉన్నా మాట మాత్రం పుస్తకంలో అచ్చు వేసినట్టు ఉండేది.

నా దగ్గరికే ఎందుకొచ్చావంటే, ఏ ఊళ్ళో తగువు పుడుతోందో పోలీసులకన్నా ముందు మైకుసెట్టువాళ్ళకు తెలుస్తుంది కదా అంది. నిజమే. ఆ పల్లె పేరు నేనే చెప్పాను.

నెలన్నర ఆ పల్లెకు తిరిగింది. పొద్దున బస్సులో పోయి సాయంత్రం ఆటోలో వచ్చేది. వచ్చేటప్పుడు మన షాపులో టీ తాగి, కాసేపు కూర్చుని పోయేది. ఊళ్ళో పెద్ద వెంకటరెడ్డి, పొలం పుట్రా ఉన్న మనిషి, రామాలయం కమిటీ ఆయన చేతిలోదే. చర్చివాడ పెద్ద దేవదానం, వయసులో ఉన్నన్నాళ్ళూ పలకల గనిలో చేసి, ఇప్పుడు కూలిపనులకు మనుషులను కుదిర్చేవాడు. ఇద్దరినీ బడి వరండాలో కూర్చోబెట్టింది. ఆమె పద్ధతి ఒకటుంది. ఎవరి బాధ వాళ్ళు చెప్పుకోకూడదు. అవతలివాడి బాధను, తనే అతను అయినట్టు 'నేను' అనుకుని చెప్పాలి. అవతలివాడు 'అవును, నా మాట ఇదే' అన్నదాకా మళ్ళీ మళ్ళీ చెప్పాలి. అప్పటిదాకా తీర్పు లేదు, సలహా లేదు.

పెద్దవాళ్ళిద్దరికీ అది చిన్నపిల్లల ఆటలాగా తోచింది, మేము చెయ్యం అన్నారు. అందుకని ఎట్లా చెయ్యాలో ఆమే చేసి చూపించింది. ముందు దేవదానం అయినట్టు, "ఈ పందిరి నా దారికి అడ్డం, దీన్ని తీసెయ్యాల్సిందే," అంది. తర్వాత వెంకటరెడ్డి అయినట్టు, "ఈ ఊరేగింపు నా వీధిలో వద్దు," అంది. చుట్టూ చేరినవాళ్ళలో ఎవరో సెల్లులో వీడియో పట్టారు.

మర్నాటికి మొదటి ముక్క ఒక్కటే కత్తిరించి ఊళ్ళో ఫోన్లలో తిరిగింది. రెండో ముక్క చర్చివాడ ఫోన్లలో తిరిగింది. లంక నుంచి వచ్చి రాముడి పందిరి పీకమంటోందని వీళ్ళు, డబ్బు తీసుకుని మన ఊరేగింపు ఆపడానికి వచ్చిందని వాళ్ళు. రెండు వాడలూ ఒక్క మాట మీదికి వచ్చింది ఆమెను తిట్టడంలోనే. పక్క మండలాలకు కూడా పాకింది. నా షాపు ముందే ఒకాయన నిలబడి, "రావణుడి చెల్లెలు వచ్చిందంట గదా సరోజక్కా, ముక్కూ చెవులూ బాగనే ఉండాయా?" అన్నాడు. ఆమె లోపల కుర్చీలోనే కూర్చుని ఉంది. టీ గ్లాసు కింద పెట్టి, తన ముక్కు తడిమి చూసుకుని, "ఇంకా ఉంది సార్," అంది. ఆయన తల వంచుకుని పోయాడు. ఆమె నవ్వింది గానీ, ఆ టీ మాత్రం పూర్తిగా తాగలేదు.

ఎస్సై పిలిపించాడు. మంచిగానే మాట్లాడాడట. పండగకు ముందు ఊళ్ళో ఏం జరిగినా తన మెడకే చుట్టుకుంటుందనీ, ఆదివారం లోపల రెండు వాడలూ ఆమె మీద ఫిర్యాదు లేదని చెప్పకపోతే కేసు రాయక తప్పదనీ అన్నాడు. కేసంటే మనకు కోర్టు చుట్టూ తిరగడం. ఆమెకు అది కాదు. ఇక్కడ పుట్టిన మనిషి కాదు గనక, ఇన్నేళ్ళున్నా ఈ దేశంలో ఉండటానికి ఆమె ఏటా అనుమతి తీసుకోవాలి. ఒక్క కేసు పడితే ఆ అనుమతి ఆగుతుంది. ఆగితే ఎక్కడికి పోవాలి? తిరుకోణమలైలో వాళ్ళ ఇల్లు లేదు, మనుషులు లేరు. అది చెప్పేటప్పుడు కూడా ఆమె గొంతు పెరగలేదు.

వెళ్ళిపో తల్లీ, నీకెందుకీ తంటా అన్నాను.

"వెళ్తే ఆ ముక్కే నిజం అయిపోతుందమ్మా. నాకు ఒక మైకుసెట్టు కావాలి," అంది.

దేనికంటే, బడి వరండాలో ఇరవైమంది ముందు చేసింది ఈసారి ఊరంతా వినేట్టు చెయ్యాలంది. ఈసారి తన నోటితో కాదు, ఆ ఇద్దరి నోటితో. మొదలూ చివరా రెండు వాడలూ వింటే కత్తిరించడానికి ఏమీ మిగలదు.

కరీముల్లా నా వైపు చూశాడు. "అక్కా, గొడవైతే ముందు పగిలేది మన హారన్లే," అన్నాడు. ఆ మాట తప్పు కాదు. ఒక వాడ వాళ్ళకు కోపమొస్తే బేరం పోతుంది, రెండు వాడలకూ వస్తే షాపే పోతుంది. కానీ ఆ మనిషిని ఆ ఊరికి పంపింది నేను. సెట్టు ఇస్తాను, నేనూ వస్తానన్నాను.

శుక్రవారం పొద్దున ముగ్గురం పోయాము. వెంకటరెడ్డి వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. కత్తిరించిన ముక్క సంగతి ఆయనకు తెలుసు, ఆ రోజు ఎదురుగా ఉన్నవాడే కదా. కానీ అది పంపింది తన వాడ కుర్రకారు గనక నోరు మెదపలేదు. మొదట దేవదానాన్ని చెప్పమను, ఆ తర్వాత చూద్దాం అన్నాడు. దేవదానం దగ్గరికి పోతే ఆయనా అదే అన్నాడు, రెడ్డిని ముందు చెప్పమను అని. తిరిగి వచ్చేసరికి వెంకటరెడ్డి భార్య రామలక్ష్మమ్మ బియ్యం చెరుగుతోంది. మొగుడి వైపు చూడకుండానే అంది: "నోరుండేది బువ్వ తినేదానికే అయితే, ఆ కమిటీ పెద్దరికం నాకియ్యి. నేను పోయి చెప్తా."

ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

సాయంత్రం నాలుగింటికి బడి ముందు బిగించాము. మామూలుగా ఆ ఊళ్ళో రెండు యాంప్లిఫయర్లు పోటీ పడతాయి. ఆ రోజు ఒక్కటే పెట్టాము. దానికి రెండు మైకులు, ఒకటి రెడ్డికి, ఒకటి దేవదానానికి. ఒక హారన్ రామాలయం మీద, ఒకటి చర్చి మీద. గొంతు రెండు వైపులా ఒకే ఎత్తున వినపడేదాకా కరీముల్లా ఆ వాడకూ ఈ వాడకూ నాలుగుసార్లు నడిచాడు. ఎస్సై ఇద్దరు కానిస్టేబుళ్ళతో వచ్చి వేపచెట్టు కింద నిలబడ్డాడు. జనం రెండు గుంపులుగా కూర్చున్నారు, మధ్యలో బండి పోయేంత ఖాళీ. ఆ ఖాళీలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని రంజని కూర్చుంది. ఆమెకు మైకు లేదు, వద్దంది. పద్ధతి ఏమిటో ఆమె నాకు చెప్పింది, నేను మైకులో జనానికి చెప్పాను. అంతే మా పని.

వెంకటరెడ్డి మైకు పట్టుకున్నాడు. "నేను దేవదానాన్ని. నాకు దారి కావల్ల," అన్నాడు.

దేవదానం తన మైకులో, "అది నా మాట కాదన్నా," అన్నాడు.

ఊళ్ళో కుర్రకారు ఈల వేశారు. రెడ్డి మళ్ళీ మొదలుపెట్టాడు. పండగ రోజు పాట పాడుకోవాలని నాకుంటుంది అన్నాడు. దేవదానం తల అడ్డంగా ఊపాడు. అది కూడా కాదన్నాడు. ఇక లేచిపోతాడనే అనుకున్నాను నేను. ఎస్సై కూడా రెండడుగులు ముందుకు వేశాడు. రంజని కదలలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తోంది. చాలాసేపు రెండు హారన్లలోనూ రెడ్డి ఊపిరి ఒక్కటే వినపడింది. ఆయన వీధి చివర సగం లేచిన పందిరి వైపు చూస్తున్నాడు.

"ఆ పందిరి గుంజలకు గుంతలు తవ్వేది నేను," అన్నాడు మెల్లగా. "నా నాయన తవ్వినాడు, నేను తవ్వినా, నా కొడుకు తవ్వుతాండాడు. కొబ్బరాకు కట్టేది నేను. అంతా అయినాక దాని కింద నడిచేదానికి నువ్వెవడంటే, నేనేమనుకోవాల? దారి గాదు నాకు కావాల్సింది. ఆ పందిరి నేను కట్టినానని ఒకరన్నా అనల్ల."

ఈలలు ఆగిపోయాయి. దేవదానం గొంతు సవరించుకుని, "అవును. అదే నా మాట," అన్నాడు. చర్చివాడ వైపు ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఇప్పుడు దేవదానం వంతు. ఆయన తడుముకోలేదు.

"నేను వెంకటరెడ్డిని. నా తమ్ముడు పోయిన పొద్దు శవం వాకిట్లో ఉంది. చర్చి మైకులో చప్పట్ల పాట. వాళ్ళలో ఒకడన్నా వచ్చి ఆపుతాడేమోనని చూసినా. ఎవరూ రాలే. నా తమ్ముని శవం పక్కన కూచోని మూడు గంటలు ఆ పాట విన్నా. పందిరీ గాదు, ఊరేగింపూ గాదు. నాకు ఆ పొద్దు అట్లనే ఉంది."

వెంకటరెడ్డి కండువా కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. మైకు ఇంకో చేతిలో వేలాడుతోంది. జనమంతా ఆయన వైపే చూస్తున్నారు. చివరికి మైకు నోటి దగ్గరికి తెచ్చుకుని, "అదే," అన్నాడు. ఆ ఒక్క మాట రెండు హారన్లలో ఊరంతా వినపడింది.

దేవదానం తనంతట తను ఇంకో మాట అన్నాడు. "ఆపమని చెప్పాల్సినోణ్ణి నేనే అన్నా. వార్త తెలిసి కూడా కూటం మధ్యలో ఎట్ల ఆపేదని ఊరకున్నా."

ఆ తర్వాత మిగిలినవన్నీ టీ నీళ్ళు కాగేంత సేపట్లో తేలిపోయాయి. ఊరేగింపు కల్యాణానికి ముందే పందిరి కింద నుంచి పోతుంది. అది పోయేటప్పుడు గుడి మైకు ఆగుతుంది, తలంబ్రాలప్పుడు చర్చి మైకు ఆగుతుంది. ఏ ఇంట్లో చావు జరిగినా ఆ రోజు రెండు మైకులూ మూగవి. ఎస్సై ముందుకొచ్చి అసలు సంగతి అడిగాడు, ఈ మేడం మీద ఎవరికైనా ఫిర్యాదు ఉందా అని.

"ఉంది సార్," అన్నాడు వెంకటరెడ్డి. "నెలన్నర నుంచి మా ఊళ్ళో తిరుగుతాంది. మా ఇంట్లో ఒక పూట బువ్వ తినలే. అది రాసుకోండి."

దేవదానం మైకు ఇంకా ఆపలేదు. "మా ఇంట్లోనూ తినలే సార్. మాది గూడా రాయండి," అన్నాడు.

ఎస్సై నవ్వుతూ టోపీ పెట్టుకున్నాడు. కేసు లేదు. రంజని ఆ కుర్చీలోనే ఉంది. నేను పోయి భుజం మీద చెయ్యి వేస్తే, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ ముక్కలు పంపిన కుర్రకారులో ఒకడు వచ్చి, మేడం, అంతా మొదట్నుంచి చివరి దాకా పట్టినాను, ఇది పంపేదా అని అడిగాడు. కత్తిరించకుండా పంపు నాయనా అన్నాను నేను.

ఆదివారం పొద్దున నేను కూడా పోయాను. పిల్లలు ఈత మట్టలు ఊపుకుంటూ పాడుకుంటూ వచ్చారు. పందిరి దగ్గరికి రాగానే కరీముల్లా గుడి మైకు ఆపాడు. వెంకటరెడ్డి పందిరి మొదట్లో నిలబడి దేవదానం చెయ్యి పట్టుకుని కిందకు తీసుకుపోయాడు. రామలక్ష్మమ్మ బిందెలో పానకం కలిపి పెట్టుకుని, పాట ఆగేదాకా నిలబడి, ఆ పిల్లలందరికీ గ్లాసుల్లో పోసింది. చిన్న పిల్లొకతి పానకం తాగి, ఇందులో మిరియాలు ఉన్నాయని ఏడ్చింది. అంతకుమించి ఏ గొడవా జరగలేదు. మధ్యాహ్నం రంజని రెండిళ్ళలోనూ అన్నం తినాల్సి వచ్చింది. రెండో ఇంట్లో కడుపు నిండిపోయి, సరిగ్గా కూర్చోలేక గోడకు ఆనుకుని తినింది పాపం.

ఆ పై ఏడు నుంచి, వేరు రోజుల్లో పడినా సరే, ఆ ఊరికి రెండు పండగలకూ కలిపి ఒకటే బుకింగు. మాకు ఒక సెట్టు అద్దె తగ్గిందని కరీముల్లా ఇప్పటికీ సణుగుతాడు. కొమరోలు వైపు నుంచి ఒకసారి, గిద్దలూరు నుంచి ఒకసారి మనుషులొచ్చి, ఆ రెండు మైకుల కూటం మాక్కూడా పెట్టించమని అడిగారు. పెట్టించాము. గిద్దలూరు దగ్గర కుదరలేదు. ఒకాయన అవతలివాడి మాట చెప్పడానికి ఎంతకీ ఒప్పుకోలేదు. కొమరోలు దగ్గర కుదిరింది. రంజనికి ఇక్కడ ఉండే అనుమతి వచ్చింది. ఆ పల్లె సంగతి మీద ఆమె ఎక్కడెక్కడికో పోయి మాట్లాడిందట. మాట్లాడిన ప్రతిచోటా పందిరి కట్టింది దేవదానం వాళ్ళేనని చెబుతానంది.

నాకు ఆ సాయంత్రం నేర్పింది ఇదమ్మా. అన్నేళ్ళు ఇద్దరికీ సమానంగా హారన్లు ఇచ్చి, నా న్యాయం నేను చేశాననుకున్నాను. సమానంగా అరవడానికి ఇచ్చాను, అంతే. వినడానికి ఏమీ ఇవ్వలేదు. ఆ తర్వాత షాపుకు ఎవరు కోపంగా వచ్చినా, నీ బాధ నేను చెప్తాను, సరిగ్గా చెప్పానో లేదో చూడు అనడం అలవాటైంది. సగం మంది అక్కడే చల్లబడతారు. మీ అన్నతో నువ్వు ఫోను కోసం పోట్లాడేటప్పుడు కూడా ఒకసారి చేసి చూడు.

రంజని వెళ్ళిపోయే రోజు మార్కాపురం బస్టాండులో నేనే ఎక్కించాను. బస్సు ఇంకా కదల్లేదు. కిటికీ దగ్గర నిలబడి అడిగాను: "తల్లీ, మీ ఊళ్ళో ఆ యుద్ధం అయినప్పుడు, మీ తట్టు మాటను అవతలి తట్టు నుంచి ఒక్కరన్నా చెప్పినారా?" ఆమె కిటికీ చువ్వ పట్టుకుని నా వైపు వంగింది. ఏదో చెప్పబోయింది. కండక్టర్ విజిల్ వేశాడు. ఆ తర్వాత ఫోనులో ఇంకోసారి అడిగాను. నవ్వి, కరీముల్లాగారు బాగున్నారా అని అడిగింది. అవతలివాళ్ళు ఎవరన్నా చెప్పారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.